మాట తప్పితే జైలు ఎవరికి?

కూలోడు మాట తప్పితే జైలేనని రాసిపెట్టిన చట్టం ఈ దేశంలో అరవై ఏళ్లకు పైగా నడిచింది. అది 1859 నాటి పనివాళ్ల ఒప్పంద ఉల్లంఘన చట్టం. అడ్వాన్సు తీసుకుని పనిలోకి రానోణ్ణి పనికి పొమ్మని మేజిస్ట్రేటు ఆర్డరేస్తాడు. అయినా పోకపోతే మూడు నెలల దాకా కఠిన ఖైదు. మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాల్లో మొదలై మిగతా చోట్లకూ పాకింది. కూలి ఎగ్గొట్టిన యజమానికి మాత్రం అందులో ఖైదు లేదు. దాని రద్దుకు 1925లో గానీ చట్టం రాలేదు.

మరి అధికారంలో ఉన్నోళ్లు కోర్టుకు మాటిచ్చి తప్పితే? కోర్టుకిచ్చిన హామీని కావాలని తప్పినా, ఉత్తర్వును కావాలని మీరినా సివిల్ ధిక్కారమేనని 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం చెప్తుంది. ఆరు నెలల దాకా సాధారణ ఖైదు, రెండు వేల దాకా జరిమానా. అయితే మామూలుగా జరిమానాతోనే సరిపెట్టాలని కూడా అదే చట్టం అంటుంది. అయోధ్యలో శాశ్వత కట్టడాలు జరగనివ్వమని చెప్పి 1992లో తప్పిన ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్‌కు 1994లో సుప్రీంకోర్టు వేసిన శిక్ష ఒక్కరోజు ఖైదు, రెండు వేల జరిమానా.

మన దగ్గరి సంగతి చూద్దాం. 2013 డిసెంబర్‌లో హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును కాదని, 2014 జనవరిలో గుంటూరు జిల్లా అడవితక్కెళ్లపాడులో ఒక తహశీల్దారు పేదల గుడిసెలు పీకించాడు. 2015లో హైకోర్టు రెండు నెలల ఖైదు వేసింది. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ ఖైదు తీసేసి, అప్పటికి డిప్యూటీ కలెక్టరైన ఆయన్ని మళ్లీ తహశీల్దారుగా దించింది, లక్ష జరిమానా వేసింది. ఆయన మొండితనానికి పెళ్లాం పిల్లలు బాధపడకూడదన్నది కోర్టు చూపిన దయ. గుడిసెలోళ్లకూ పిల్లలున్నరు గదా.

ఇంకోటి. స్కూళ్ల ఆవరణల్లో సచివాలయాలు కట్టొద్దన్న ఉత్తర్వును పాటించలేదని 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 8 మంది ఐఏఎస్‌లకు రెండు వారాల జైలు వేసింది. వాళ్లు క్షమాపణ చెప్పంగనే, ఏడాదిపాటు నెలకో రోజు సంక్షేమ హాస్టల్‌కు పోయి ఆ పూట భోజనం ఖర్చు పెట్టుకోమంది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ హాస్టళ్ల అన్నం తిని చదువుకున్న మేం ఒకటి అడుగుతున్నాం. మా హాస్టల్‌కు రావడం అధికారి రోజువారీ డ్యూటీ కావాలి గానీ శిక్ష ఎట్లా అయింది?

చిక్కడపల్లి లైబ్రరీలో, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో, నారాయణగూడ ఇరుకు రూముల్లో మా పిల్లలు ఆ డిప్యూటీ కలెక్టర్ పోస్టు కోసమే ఏళ్లకేళ్లు చదువుతున్నరు. హైకోర్టుకు ధిక్కార అధికారమిచ్చే 215వ ఆర్టికల్‌ను బిట్టు ప్రశ్నగా బట్టీ పడుతున్నరు. ఆ అధికారం ఎవరి గుడిసె నిలబెట్టింది, ఎవరి కొలువు కాపాడింది అన్న లెక్క కూడా వాళ్లు చదవాలె. రేపు ఆ సంతకం పెట్టేది వాళ్లే.