కంప్యూటరు పురుగు – దాని పుట్టుపూర్వోత్తరములు

తనంతట తాను ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు ప్రాకిపోవు ప్రోగ్రామునకు ‘పురుగు’ అని పేరు. వైరసునకు, దీనికి భేదమున్నది. శరీరములో వైరసు జీవకణమును ఆశ్రయించినట్లు, కంప్యూటరు వైరసు మరియొక ప్రోగ్రామును అంటిపెట్టుకొని యుండును. ఆ ప్రోగ్రామును ఎవరైనను నడిపిననే గాని అది మేల్కొనదు. పురుగునకు ఆ ఆధారము అక్కరలేదు. యంత్రములను కలుపు తంతి యుండి, అవతలి యంత్రములో చిన్న కన్నమొకటి దొరికినచో చాలును.

ఈ పేరు శాస్త్రజ్ఞులు పెట్టినది కాదు. జాన్ బ్రన్నర్ అను ఆంగ్ల రచయిత 1975లో ప్రకటించిన ‘ది షాక్‌వేవ్ రైడర్’ అను నవలలో, యంత్రముల వలలో సంచరించు బద్దెపురుగు వంటి ప్రోగ్రాము ఒకటి కనబడును. అమెరికాలో జిరాక్స్ సంస్థ వారి పాలో ఆల్టో పరిశోధనాలయములో జాన్ షోక్, జాన్ హప్ అను ఇరువురు ఈ పేరును తీసికొనిరి. రాత్రివేళ ఊరక పడియున్న యంత్రములచేత పని చేయించుటయే వారి ఉద్దేశ్యము. ఒకనాటి రాత్రి చిన్న పురుగు నొకదానిని వదలి యింటికి పోయిరి. తెల్లవారి వచ్చి చూడగా భవనములోని యంత్రములు వరుసగా చచ్చి పడియున్నవి. ఒకదానిని మరల నడిపింపబోగా పురుగు దానిలోను చేరి దానిని పడగొట్టినది. అయితే వారు ముందుచూపు గలవారు. పురుగు లన్నింటిని ఒక్కమారుగా ఆపివేయు సంకేతము నొకదానిని మొదటనే అమర్చి యుంచిరి. దానిని పంపగా అన్నియు ఆగిపోయినవి. ఈ సంగతిని వారే 1982లో తమ వ్యాసమున వ్రాసిరి. దీనిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఆరేండ్ల తరువాత మరియొకడు పురుగును వదలినపుడు దానికి ఇట్టి కళ్లెము లేకపోయినది.

ఆ మరియొకడు రాబర్ట్ టాపన్ మారిస్, కార్నెల్ విశ్వవిద్యాలయములో పరిశోధక విద్యార్థి. 1988 నవంబరు 2వ తేదీ సాయంకాలము అతడు తన ప్రోగ్రామును వదలెను. కార్నెల్ నుండి వచ్చినట్లు తెలియకుండుటకై దానిని మసాచుసెట్స్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూటు యంత్రము నుండి పంపెను. యూనిక్స్ వ్యవస్థతో నడచు వ్యాక్స్, సన్ యంత్రములే దాని ఆహారము.

అది ప్రవేశించిన దారులలో ఒకటి ఉత్తరములను చేరవేయు ‘సెండ్‌మెయిల్’ అను ప్రోగ్రాము. తప్పులు వెదకుకొనుటకై దానిని వ్రాసినవారు తెరచి యుంచిన పెరటి తలుపు అనేక యంత్రములలో మూయకుండనే మిగిలిపోయినది. ఉత్తరమునకు బదులు ఆజ్ఞలు పంపినచో యంత్రము వానిని శిరసావహించెడిది.

రెండవ దారి మరింత చిత్రమైనది. ఒక యంత్రమును ఎవరు వాడుచున్నారో చెప్పు ‘ఫింగర్’ అను సేవ యున్నది. అడుగవచ్చిన ప్రశ్నను వ్రాసికొనుటకు అది 512 అక్షరముల స్థలమును కేటాయించును గాని, వచ్చినది అంతకు మించినదా అని కొలిచి చూడదు. పురుగు 536 అక్షరములను పంపినది. తవ్వెడు పట్టు గిన్నెలో మానెడు బియ్యము పోసినచో మిగిలినవి ప్రక్కన పడును గదా! ఇచట ప్రక్కన ఉన్నది నేల కాదు. ఈ పని ముగిసిన పిమ్మట ఎచటికి పోవలెనో యంత్రము గుర్తు పెట్టుకొన్న చీటి. పొంగిన అక్షరములు ఆ చీటిపై పడి దానిని తిరుగవ్రాసినవి. యంత్రము ఆ క్రొత్త చీటిని నమ్మి పురుగు ఆజ్ఞలనే నడిపినది. ఈ ఉపాయము వ్యాక్స్ యంత్రములపైననే పారినది.

మూడవది పాస్‌వర్డులను ఊహించుట. ముందుగా మనిషి పేరు, తరువాత అదే పేరు వెనుకనుండి, ఆపైన తన వెంట తెచ్చుకొన్న 432 మాటల పట్టిక, అదియు ముగిసినచో యంత్రములోనే యున్న నిఘంటువు. ఇందొక విడ్డూరమున్నది. జనులు తేలికగా ఊహింపదగిన పాస్‌వర్డులనే పెట్టుకొందురని 1979లో కెన్ థాంప్సన్‌తో కలసి వ్యాసము వ్రాసినది ఈ యువకుని తండ్రియే! కుమారుడు పురుగును వదలునాటికి ఆయన అమెరికా ప్రభుత్వపు కంప్యూటరు భద్రతా కేంద్రములో ప్రధాన శాస్త్రజ్ఞుడు.

లోపలికి ముందుగా వచ్చునది 99 పంక్తుల చిన్న ప్రోగ్రాము మాత్రమే. అది నిలద్రొక్కుకొని, వచ్చిన చోటికి తంతి వేసి, అసలు శరీరమును లాగుకొనును. పిదప తన ఫైళ్లను తానే చెరిపివేసి, యంత్రపు స్మృతిలో మాత్రమే నివసించును.

ఈ పురుగు ఫైళ్లను పాడుచేయలేదు, దేనిని దొంగిలించలేదు. మరి అంత సంక్షోభమేల? క్రొత్త యంత్రమును చేరగానే అది, అచట తన ప్రతి యింకొకటి యున్నదా అని విచారించెడిది. ఉన్నదన్నచో రెండింటిలో నొకటి తప్పుకొనవలెను. కాని, ఎవరైనను దొంగ సమాధానము చెప్పి తన్ను తరిమివేయుదురేమో యని మారిస్‌కు శంక. అందుచేత ఏడింట ఒకమారు ఆ సమాధానమును లెక్కచేయక నిలిచిపోవునట్లు వ్రాసెను. ఏడింట ఒకటి స్వల్పముగనే తోచును. కాని ఒక్కొక్క యంత్రము ఎన్ని పర్యాయములు ఈ తాకిడికి గురియగునో అతడు లెక్కకట్టలేదు. పదులకొలది ప్రతులు ఒకే యంత్రమున చేరి, అన్నియు పాస్‌వర్డులను వెదకుచుండ, యంత్రములు కదలలేకపోయినవి. నా అభిప్రాయములో దురుద్దేశ్యము కంటె ఈ లెక్క తప్పుటయే అనర్థమునకు మూలము. కళ్లెము లేని దానిని పరుల యంత్రములపై వదలుటను మాత్రము లెక్క తప్పుగా సరిపెట్టుకొనజాలము. ఆరువేల యంత్రములు సోకినవని తరచు చెప్పుదురు. అది ఎంచి చెప్పినది గాదు, వలలో నున్న సుమారు 60,000 యంత్రములలో పదవ వంతు అను ఊహ మాత్రమే.

పురుగు స్మృతిలోనే యుండుటచే, యంత్రమును ఆపి మరల నడిపినచో అది నశించును. అయితే కన్నము మూయకుండ వలకు కలిపినచో కొద్దిసేపటిలోనే మరల చేరును. కావున తంతి ఊడదీయుట, కన్నము మూయుట, ఆపి నడుపుట, ఆ పిమ్మటనే కలుపుట అను క్రమము తప్పరాదు. బర్క్‌లీ విశ్వవిద్యాలయము వారు మరునాటి తెల్లవారుజాముననే సెండ్‌మెయిల్ తలుపు మూయు విధమును పంపిరి. ఆ చిన్న ప్రోగ్రాము తయారు కాకుండ కంపైలరు పేరు మార్చుడని కూడ చెప్పిరి. పర్డ్యూ వారు పురుగు నడచు తీరును పరిశీలించి వివరించిరి. కాని భయపడి తంతులు తెంచుకొన్నవారికి ఈ మందు చేరు దారియే మూసికొనిపోయినది! మారిస్ కోరికపై హార్వర్డులోని మిత్రుడొకడు నివారణోపాయమును తెలుపుచు పంపిన జాబు సైతము ఒక రోజునకు పైగా ఆలస్యమైనది.

ఆ నెలలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఇట్టి ఆపదలకై ‘సర్ట్’ అను కేంద్రము ఏర్పడినది. 1990లో మారిస్ దోషియని తేలినది. మూడేండ్ల ప్రొబేషను, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధింపబడినవి. తరువాత అతడు, ఏ విద్యాలయపు యంత్రము నుండి పురుగును వదలెనో, అచటనే ఆచార్యుడైనాడు.

2003 జనవరి నాటి ‘స్లామర్’ కూడ స్మృతిలోనే నివసించినది. పది నిమిషములలోనే తనకు లొంగదగిన యంత్రములలో నూటికి తొంబదింటిని పట్టినది. ఫైళ్లకు తాళము వేసి సొమ్మడిగిన ‘వాన్నక్రై’ 2017 మే 12న బయలుదేరి, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్నింటిలోను దూరినది. దాని కన్నమును మూయు మందును మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14ననే, విడుదల చేసి యున్నది.