దోస్తోయెవ్‌స్కీ: చరిత్ర వేసిన ముద్ర

దోస్తోయెవ్‌స్కీ పేరెత్తగానే విమర్శకులు రెండుగా చీలిపోతారు. కొందరికి ఆయన మానవాత్మ లోతులు చూసిన ద్రష్ట. కొందరికి జారుకూ చర్చికీ కొమ్ముకాసిన అభివృద్ధి నిరోధకుడు. ఈ రెండు అంచనాల్లోనూ చరిత్ర లోపించిందని నా అభిప్రాయం.

1845లో 'పేదజనం' రాతప్రతి చదివి బెలిన్‌స్కీ ఆ యువకుణ్ణి నెత్తిన పెట్టుకున్నాడు. నాలుగేళ్ళకు, అదే బెలిన్‌స్కీ గొగోల్‌కు రాసిన లేఖను పెత్రషేవ్‌స్కీ బృందంలో చదివి వినిపించడం దోస్తోయెవ్‌స్కీపై ప్రధాన నేరారోపణ అయింది. అర్ధబానిసత్వాన్నీ, దానికి వత్తాసు పలికే చర్చినీ దుయ్యబట్టిన లేఖ అది. 1848 యూరప్ విప్లవాలకు బెదిరిపోయిన మొదటి నికొలాయ్ ప్రభుత్వానికి ఆ మాత్రం చాలు. 1849 డిసెంబరు 22న (పాత పంచాంగం ప్రకారం) సెమ్యోనోవ్‌స్కీ మైదానంలో ముగ్గుర్ని స్తంభాలకు కట్టి తుపాకులు గురిపెట్టారు. తర్వాతి వరసలో దోస్తోయెవ్‌స్కీ ఉన్నాడు. చివరి క్షణంలో శిక్ష తగ్గించినట్టు ప్రకటించారు. అది ముందే నిర్ణయమైన సంగతి. మిగిలిన తతంగమంతా జారు ఆడించిన నాటకం. ఖైదీల్లో గ్రిగోర్యెవ్‌కు మతి చలించింది.

తర్వాత ఓమ్‌స్క్‌లో కాళ్ళకు సంకెళ్ళతో నాలుగేళ్ళ కఠినశిక్ష. ఇక్కడే అసలు మలుపు ఉందని నేననుకుంటాను. అక్కడి రైతు ఖైదీలు చదువుకున్న ఖైదీలను తమవాళ్ళుగా ఒప్పుకోలేదు. ఆ జైలు అనుభవంతో రాసిన 'మృతుల గృహం'లో, ఖైదీలు తిండి గురించి ఫిర్యాదు చేయడానికి బారులు తీరితే, తానూ వచ్చి నిలబడిన కథకుణ్ణి వాళ్ళు పక్కకు పొమ్మంటారు. ప్రజలకూ మేధావులకూ మధ్యనున్న అగాధాన్ని దోస్తోయెవ్‌స్కీ కళ్ళారా చూశాడు. చూసింది నిజం, తీసిన నిర్ధారణ తప్పు. ఆ అగాధానికి మూలం భూస్వామ్య వ్యవస్థలో వెతక్క, పరిష్కారం ప్రజల మతవిశ్వాసంలో వెతికాడు. 1869లో నెచాయెవ్ ముఠా చేసిన హత్యను ఆధారం చేసుకొని, 'దయ్యాలు' నవలలో విప్లవోద్యమం మొత్తానికీ మసి పూశాడు. 1913లో ఆ నవలను మాస్కో ఆర్ట్ థియేటర్ రంగస్థలమెక్కించినప్పుడు గోర్కీ నిరసించడం అకారణం కాదు.

అయినా 1918లో సోవియట్ ప్రభుత్వం స్మారక విగ్రహాలు నిలపాలనుకున్నవారి జాబితాలో దోస్తోయెవ్‌స్కీ పేరుంది. ఎందుకని? 'నేరము-శిక్ష' 1866లో వెలువడింది. అర్ధబానిసత్వం రద్దయి అప్పటికి ఐదేళ్ళు. పీటర్స్‌బర్గ్‌లో డబ్బు రాజ్యమేలుతోంది. తాకట్టు వ్యాపారి గడప, ఫీజు కట్టలేక చదువు మానిన విద్యార్థి, ఇంటిల్లిపాది ఆకలి తీర్చడానికి ఒళ్ళమ్ముకునే సోన్యా - ఇవన్నీ ఆ రాజ్యపు చిత్రాలే. రచయిత కూడా అప్పుల ఊబిలోనే ఉన్నాడు. ప్రచురణకర్త స్తెల్లోవ్‌స్కీ ఒప్పందపు ఉరి తప్పించుకోవడానికి అదే ఏడాది 'జూదరి'ని 26 రోజుల్లో చెప్పి రాయించాడు.

బాల్జాక్ రాచరికవాది అయినా అతని వాస్తవికత ఆ అభిప్రాయాలను దాటి నిలిచిందని 1888లో ఎంగెల్స్ రాశాడు. దోస్తోయెవ్‌స్కీకీ ఆ కొలమానం వర్తిస్తుంది. దేవుణ్ణి సమర్థించదలచిన ఆ రచయితే 'కరమజోవ్ సోదరులు'లో దేవుడి లోకాన్ని నిలదీసే ఇవాన్ చేతికి అత్యంత బలమైన వాదనలు అందించాడు. పసిపిల్లల కన్నీటికి జవాబేదని ఇవాన్ అడిగిన ప్రశ్న ముందు రచయిత ఇచ్చిన సమాధానం వెలవెలబోతుంది.

మనం ఎదిరించవలసిన పాత్రను బొమ్మగా చేసి పడగొట్టడం తేలిక. ప్రత్యర్థికి పూర్తి గొంతు ఇవ్వడం కష్టం. దోస్తోయెవ్‌స్కీ రాజకీయాలను తిరస్కరిస్తూనే, ఆ కష్టమైన పనిని అభ్యుదయ రచయితలు ఆయన దగ్గర నేర్చుకోవాలి.