గుండె మందు, కాలేయం, మన కెమిస్ట్రీ క్లాసు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమన్నారు. రాజుల చరిత్ర నాకు రాదు. ఇంజినీరుని కాబట్టి ఒక మందు చరిత్ర రాస్తున్నాను. దానికి కారణం మా నాన్నగారు.

కిందటేడు ఆయన ఐసీయూలో ఉండగా గుండె లయ తప్పింది. డ్రిప్‌లో అమియోడరోన్ ఎక్కించారు. లయ కుదిరింది. మర్నాటికి కాలేయం ఎంజైములు అమాంతం పెరిగాయి. "మందు వల్ల కావచ్చు, బీపీ పడిపోయి కాలేయానికి రక్తం చాలకపోయీ కావచ్చు" అంటూ డాక్టరుగారు వెంటనే డ్రిప్ ఆపేశారు. గుండెను కాపాడిన మందే కాలేయాన్ని తీసేస్తుందేమోనని ఆ రాత్రంతా బయట బెంచీ మీదే కూర్చున్నాను. నాలుగు రోజులకు అంకెలు దిగాయి. నాన్నగారు ఇంటికొచ్చాక దీని కథ చదివాను.

ఈజిప్టులో ఖెల్లా అనే మొక్క గింజలు పాతకాలం నుంచీ నాటువైద్యంలో ఉన్నాయి. వాటిలోని ఖెల్లిన్ వాడిన ఒక టెక్నీషియన్‌కు గుండెనొప్పి తగ్గడం 1946లో కైరోలో అన్రెప్ అనే శాస్త్రవేత్త గమనించాడు. ఆ దారిలోనే 1961లో బెల్జియంలోని లబాజ్ కంపెనీ గుండెనొప్పికని అమియోడరోన్ తయారుచేసింది. అది లయను కూడా సరిచేస్తుందని 1970లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రామా సింగ్, వాన్ విలియమ్స్ చూపారు. అర్జెంటీనాలో రోసెన్‌బామ్ దాన్ని రోగులకు విస్తృతంగా వాడాడు. అమెరికాలో బిళ్లకు 1985లో, ఇంజెక్షన్‌కు 1995లో అనుమతి వచ్చింది. 1985 అంటే మా బ్యాచ్ పదో తరగతి పాసైన ఏడాదే!

ఈ మందు బరువులో 37 శాతం అయొడిన్. కొవ్వులో చేరి, ఆపేసినా వారాలు, నెలల తరబడి ఒంట్లో ఉంటుంది. బిళ్లలు ఏళ్ల తరబడి వాడితే కాలేయం మెల్లగా దెబ్బతినవచ్చు. ఇంజెక్షన్‌తో వచ్చే చిక్కు వేరు, ఒకటి రెండు రోజుల్లోనే కనిపిస్తుంది. మందు నీటిలో సరిగా కరగదు కనుక పాలీసార్బేట్ 80 కలుపుతారు. చాలామంది వైద్యుల అనుమానం దానిమీదే. ఇంజెక్షన్‌తో కాలేయం దెబ్బతిన్న కొందరికి తర్వాత బిళ్లలు పడ్డాయి మరి.

"ద్రావితాన్నే చూస్తార్రా, ద్రావణిని మరిచిపోతారు" అని మన కెమిస్ట్రీ మాస్టారు లెక్క తప్పినప్పుడల్లా అనేవారు. నలభై ఏళ్లకు ఆ మాట ఆస్పత్రి బెంచీ మీద అర్థమైంది.

నాన్నగారు ఇప్పుడు అదే మందు బిళ్లగా వేసుకుంటున్నారు. ఆరు నెలలకోసారి కాలేయం పరీక్ష చేయిస్తున్నాం. మిత్రులారా, మీ ఇంట్లో ఎవరైనా ఈ మందు వాడుతుంటే సొంతంగా ఆపకండి. పరీక్ష ఎప్పుడు చేయించాలో మాత్రం డాక్టరుగారిని తప్పక అడగండి.