సురాధ్యక్షుని అంగడి: మద్యవిక్రేత బాధ్యతను గూర్చిన ప్రాచీన నియమములు

మద్యమును గూర్చి మన ప్రాచీనులు చెప్పిన మాటలలో పెక్కు త్రాగువానిని ఉద్దేశించినవి. సురాపానమును మహాపాతకములలో ఒకటిగా స్మృతికారులు లెక్కించిరి; దానికి కఠినములైన ప్రాయశ్చిత్తములను విధించిరి. కాని త్రాగువానికి ఎదుట అమ్మువాడొకడు ఉండును. అతడు ఎవరికి అమ్మవలెను, ఎంత అమ్మవలెను, తన అంగడిలో కొనువానికి కలిగిన నష్టమునకు ఎంతవరకు ఉత్తరవాది యగును అను ప్రశ్నలు ప్రాయశ్చిత్తకాండకు చెందవు. అవి వ్యవహారమునకు చెందినవి. వీనిని ఒకచోట వరుసగా విచారించిన గ్రంథము కౌటిలీయమగు అర్థశాస్త్రము. అందు రెండవ అధికరణమున 25వ అధ్యాయము సురాధ్యక్షుని విధులను చెప్పును. రాజ్యాదాయమును గూర్చియు, గూఢచారవ్యవస్థను గూర్చియు వ్రాయువారు ఈ అధ్యాయమును తరచుగా ఉదాహరింతురు. విక్రేత బాధ్యత అను దృష్టితో దీనిని చదివి, తెలుగుదేశమున నడచిన ఆబ్కారీ పద్ధతితో పోల్చి చూచుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. గ్రంథము, కాలము

మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు 1905 ప్రాంతమున చేరిన ప్రతిని ఆధారముగా గొని ఆర్. శామశాస్త్రిగారు 1909లో అర్థశాస్త్రమూలమును, 1915లో ఆంగ్లానువాదమును ప్రకటించిరి. టి. గణపతిశాస్త్రిగారి వ్యాఖ్యాసహితమైన ముద్రణము తిరువనంతపురమునుండి 1924–25లో వెలువడినది. ఆర్. పి. కాంగ్లేగారి పరిష్కరణము 1960లో మొదలై 1965 నాటికి ముగిసినది. గ్రంథకర్త మౌర్యచంద్రగుప్తుని మంత్రియే యని తొలినాటి పండితులు తలచిరి. ఇటీవలి పండితులలో పెక్కురు గ్రంథముయొక్క ప్రస్తుతరూపమును క్రీస్తుశకారంభమునకు ఇటునటుగా గల శతాబ్దులకు దింపుచున్నారు. మన విచారణకు ఈ వివాదము అంతగా అడ్డు కాదు.

అడ్డు వచ్చునది మరియొకటి కలదు. అర్థశాస్త్రము విధిగ్రంథము. జరిగినదానిని వర్ణించుట దాని పని కాదు. జరుగవలసినదానిని అది విధించును. యజ్ఞసమయములందు తప్ప భారతీయులు మద్యము త్రాగరని మెగస్తనీసు వ్రాసినట్లు గ్రీకు గ్రంథములవలన తెలియుచున్నది. కౌటిల్యుడో, పలు గదులు గల పానశాలను నిర్మింపవలెనని చెప్పుచున్నాడు. ఒకటి పరదేశి విన్న మాట. రెండవది పాలకునకు ఇచ్చిన సలహా. ఈ రెంటినుండియు ఆనాటి వీథిలో నిజముగా ఏమి జరిగినదో సూటిగా తేల్చుట సాహసము. పాలకుని మనస్సున ఏ భయములు, ఏ లెక్కలు ఉండవలెనని శాస్త్రకారుడు కోరెనో మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును.

2. అమ్మకపు నియమములు

దుర్గమునందు, జనపదమునందు, సైనికశిబిరమునందు సురావ్యాపారమును ఆ వృత్తియందు పుట్టి పెరిగినవారిచేత సురాధ్యక్షుడు నడిపింపవలెను. అమ్మకము ఒకచోటనే సాగవచ్చును, పలుచోట్ల సాగవచ్చును. కొనుగోలు, అమ్మకముల తీరును బట్టి దానిని నిర్ణయింపవలెను. నియమితస్థలము తప్ప మరియొకచోట తయారుచేసినవానికిని, కొన్నవానికిని, అమ్మినవానికిని 600 పణముల దండనము. కొన్నవాడు కూడ దండ్యుడగుట గమనింపదగినది.

సురను గ్రామమునుండి వెలుపలికి కొనిపోరాదు. పిమ్మటి నియమము ‘అసంపాతము’ అను మాటలో కలదు. మద్యపుటంగళ్లు ఒకదాని కొకటి చేరువగా ఉండరాదని శామశాస్త్రిగారు దీనిని గ్రహించిరి. గుంపు చేరుటను గూర్చిన నిషేధముగా గ్రహించువారును కలరు. ఏ అర్థము గ్రహించినను, దానికి కౌటిల్యుడు చెప్పిన కారణములు మూడు. పనియందు నియుక్తులైనవారు ఏమరుపాటు పొందుదురు. ఆర్యులు మర్యాద మీరుదురు. తీక్ష్ణులైనవారు తెగువకు దిగుదురు. మొదటి కారణము పనికి, రెండవది సమాజమర్యాదకు, మూడవది శాంతికి సంబంధించినవి. త్రాగువాని ఆరోగ్యము ఈ మూటిలో ఎచటను కనబడదు.

తరువాతిది పరిమాణమును గూర్చిన నియమము. శుచియైన నడవడి కలవారని ఎరుగబడినవారు మాత్రమే మద్యమును వెంట తీసికొనిపోవచ్చును. అదియు కొలత ప్రకారము: కుడుబములో నాలుగవ పాలు, అర్ధకుడుబము, కుడుబము, అర్ధప్రస్థము, ప్రస్థము. నాలుగు కుడుబములు ఒక ప్రస్థము. కనుక అత్యల్పపరిమాణమునకును అత్యధికపరిమాణమునకును పదునారు రెట్ల భేదము కలదు. తక్కినవారు పానశాలయందే, ఇటునటు తిరుగక, కూర్చుండి త్రాగవలెను. అనగా అమ్మువానికి కొనువాని నడవడి తెలిసియుండవలెను. ఎదుటివాడెవడో ఎరుగకుండ కుండ నింపి ఇచ్చుటకు వీలులేదు.

వెలను గూర్చి రెండు నిషేధములు కలవు. తక్కువ వెలకు అమ్మరాదు, అరువునకు ఇయ్యరాదు. చౌకయైనచో త్రాగుడు పెరుగును; అరువైనచో చేత సొమ్ము లేనివాడును త్రాగును. కౌటిల్యుడు ఈ కారణములను స్వయముగా చెప్పలేదు. రాజద్రవ్యము నష్టమగుననునదే అతని భావమైయుండవచ్చును. అయినను ఈ నియమమునకు స్మృతులలో ఒక తోడు కలదు. తండ్రి త్రాగుటకై చేసిన ఋణమును కుమారుడు తీర్పనక్కరలేదని మనువు, యాజ్ఞవల్క్యుడు చెప్పిరి. అర్థశాస్త్రముకూడ మూడవ అధికరణమున ఈ మాటనే చెప్పుచున్నది. మత్తులో ఉన్నవాడు చేసిన వ్యవహారము చెల్లదనుటయందును ఈ మువ్వురకు ఏకాభిప్రాయము. ఫలమేమనగా, అరువు ఇచ్చిన సురావిక్రేతకు ఆ బాకీ ఒక తరమునకే పరిమితమగును. త్రాగుబోతు మరణించినచో అతని బిడ్డలను పీడించుటకు న్యాయస్థానము తోడ్పడదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను ఆధారముగా గొని 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయమును తెనుగున రచించెను. ఆ స్మృతిన్యాయముతో తెలుగువారికి గల పరిచయము అంత పాతది.

3. నిద్రించినవాని సొమ్ము

పానశాలలో పలు గదులు ఉండవలెను. వేరువేరుగా శయ్యలు, ఆసనములు అమర్పవలెను. గంధము, పూలమాలలు, నీరు ఉండవలెను. ఋతువునకు తగిన సుఖము కూర్చవలెను. ఈ వర్ణనముచూచి కొందరు ఆనాటి నాగరకతను మెచ్చుకొనిరి. కాని వెనువెంటనే గూఢచారులు ప్రవేశింతురు. ఎవరు ఎంత వ్యయము చేయుచున్నారు, అది నిత్యవ్యయమా, క్రొత్తగా కలిగినదా, క్రొత్తగా వచ్చినవారెవరు అని వారు కనిపెట్టవలెను. యజమాని ఎవరో తెలియని వస్తువును, బంగారమును తెచ్చినవానిని ఏదో నెపముతో మరియొకచోట పట్టింపవలెను. ఆదాయమునకు మించి వ్యయించువాడును అట్లే పట్టుబడవలసినవాడు. నగరపాలనమును చెప్పు అధ్యాయములో మద్యవిక్రేతయే ఇట్టివారిని గూర్చి అధికారులకు తెలుపవలెనను విధి కలదు. కూర్చుండి త్రాగుటకు ఇంత సుఖము కల్పించుట ఎందులకో ఇప్పుడు తెలియుచున్నది.

ఈ వేగుల నియమముల నడుమ ఒక విశేషనియమము కలదు. మత్తెక్కి నిద్రించిన కొనుగోలుదారుల నగలు, వస్త్రములు, బంగారము ఎంత యున్నవో గూఢచారులు తెలిసికొని ఉండవలెను. అవి పోయినచో ఆ సొమ్మును వర్తకులే ఇచ్చుకొనవలెను. అంతియే మొత్తమును దండనముగాకూడ చెల్లింపవలెను. దొంగ ఎవడో తేలవలెనను నియమము ఇందు లేదు. వర్తకుడు దొంగతోడ కలిసెనా లేదా అను విచారణయును లేదు. నీ అంగడిలో, నీవు అమ్మినదానిని త్రాగి, తన్ను తాను కాపాడుకొనలేని స్థితికి వచ్చినవాని రక్షణభారము నీదే యని శాస్త్రము చెప్పుచున్నది. ఇందు సొమ్ము పోయినవానికి పరిహారము, రాజునకు దండనము అని రెండు భాగములు వేరుగా కనబడుచున్నవి. అధ్యాయమునందలి నియమములలో త్రాగినవానిని ప్రత్యక్షముగా రక్షించునది ఇదియొక్కటియే.

దీని విలువ గ్రహించుటకు ఎనిమిదవ అధికరణమున వ్యసనములను గూర్చిన చర్చను చూడవలెను. త్రాగినవాడు ఉన్మత్తుడు కాకయే ఉన్మత్తుడగును, చావకయే శవమువంటి వాడగును అను భావము అచట కలదు. అట్టివాడు తన సొమ్మును కాపాడుకొనజాలడని ఎరిగియే శాస్త్రకారుడు ఆ భారమును లాభము పొందినవానిపై మోపెను.

4. అధ్యాయమునందలి దోషములు

ఇంతమాత్రమున ఈ అధ్యాయమును ఆదర్శముగా గైకొనరాదు. చెడిపోయిన సురను ఏమి చేయవలెను? దానిని వేరొకచోట అమ్మవచ్చును. లేక దాసులకు, కూలివారికి వేతనముగా ఇయ్యవచ్చును. లేక బండి పశువులకు పట్టవచ్చును, పందులను పెంచుటకు వాడవచ్చును. ఆర్యులకు గంధమాల్యములతో కూడిన గదులు; కూలివారికి పశువులతోపాటు పాడైన మద్యము. పనివారు ఏమరుదురని భయపడి అమ్మకమును కట్టుదిట్టము చేసిన కలమే, వారి కష్టమునకు ప్రతిఫలముగా చెడిన సురను కొలిచి ఇమ్మన్నది. ఆర్యులవలె కనబడు పురుషులు మత్తులో నిద్రించుచుండగా వారి ఆంతర్యమును తెలిసికొనుటకు వర్తకుడు తన దాసీలను వినియోగింపవలెనను విధియు ఇందే కలదు. కిణ్వము నేరు పనిని స్త్రీలకు, బాలురకు అప్పగించెను. కొనువాని వయస్సును గూర్చిన నియమము అధ్యాయమున ఎచటను లేదు.

పండుగలలో, సమాజములలో, యాత్రలలో నాలుగు దినములు సురను చేసికొనుటకు అనుమతి కలదు. గృహస్థులు శుభకార్యములకు శ్వేతసురను, ఔషధమునకు అరిష్టమును చేసికొనవచ్చును. రాజపణ్యము కాని మద్యమును అమ్మువారు నూటికి ఐదు చొప్పున శుల్కము చెల్లింపవలెను. ఈ నియమములన్నిటిని వర్గీకరించి చూచినచో రాజ్యాదాయము, రాజ్యరక్షణము అను రెండు వర్గములలోనే పెక్కు చేరును. సురాధ్యక్షుడు అమ్మించువాడు, అతడే అదుపు చేయువాడు. ఈ ద్వంద్వత్వము ఆ పదవితోడనే పుట్టినది.

5. తెలుగుదేశమున ఆబ్కారీ

ఆబ్కారీ అనునది పారసీకపదము. ఆబు అనగా నీరు, కార్ అనగా పని. మద్యము తయారుచేయు పనికిని, దానిపై పన్నునకును ఈ పేరే చెల్లినది. కోస్తా, రాయలసీమలయందు 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టము, తెలంగాణమునందు 1316 ఫసలీ నాటి హైదరాబాదు ఆబ్కారీ చట్టము నడచినవి. ఆ రెంటి స్థానమున 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టము వచ్చినది. నడుమ 1937 నాటి మద్రాసు మద్యనిషేధ చట్టము కలదు. దానిని మొదట సేలము జిల్లాలోను, 1938లో చిత్తూరు, కడప జిల్లాలలోను అమలుపరచిరి. మద్యనిషేధవివాదముననే 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశముగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. మద్యమును గూర్చిన చర్చ మన రాజకీయములలో ఎంత లోతుగా నాటుకొన్నదో దీనివలన తెలియును.

1968 చట్టము విక్రేతపై కొన్ని బాధ్యతలు మోపినది. 21 సంవత్సరములు నిండనివారికి అమ్మరాదు. అనుజ్ఞ పొందిన స్థలమున త్రాగుబోతుల అల్లరిని, జూదమును సాగనీయరాదు. తప్పినచో శిక్ష కలదు. లైసెన్సు రద్దు కావచ్చును. వయోనియమము కౌటిల్యుని నియమములకంటె నిస్సందేహముగా మెరుగైనది. కాని ఈ నియమములు పనిచేయవలసిన అంగడి ఎట్టిది? చిరకాలము సారాదుకాణములను వేలమునకు పెట్టిరి. అధికముగా పాడిన గుత్తదారునకు దుకాణము దక్కెను. పాట ఎంత పెరిగిన, ఆ సొమ్మును రాబట్టుకొనుటకు అంత ఎక్కువ అమ్మవలసి వచ్చును. తక్కువ అమ్ముమని చెప్పు చట్టమును, ఎక్కువ అమ్మినగాని బ్రదుకనీయని వేలమును ఒకే ప్రభుత్వము నడపినది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాదుకాణమును మూయించుట ఈ వైరుధ్యమునకు జనులు చెప్పిన సమాధానము. అక్షరాస్యతా తరగతులలో మొదలైన ఆలోచన రాష్ట్రమంతట వ్యాపించినది. 1993 అక్టోబరు 1 నుండి సారాను నిషేధించిరి. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో దానిని సడలించిరి. తరువాత ఆంధ్రప్రదేశమున 2019లో ప్రభుత్వమే దుకాణములను నడపుట ఆరంభించినది. 2024 అక్టోబరులో లాటరీ పద్ధతిపై ప్రైవేటువారికి మరల ఇచ్చినది. ఏకముఖమా, అనేకముఖమా అను కౌటిల్యుని ప్రశ్న ఇట్లు మరల మరల వచ్చుచున్నది. అనుజ్ఞలేని అమ్మకము మన గ్రామములలో ‘బెల్టుషాపు’ అను పేరుతో ఎరుకపడినది. ఎదుటివానిని ఎరిగి అమ్మవలెనన్న ప్రాచీననియమమును గ్రామమున నడుచు ఈ అమ్మకము తలక్రిందులు చేసినది. అచట విక్రేతకు కొనువాని ఇల్లు, కూలి, అప్పు అన్నియు తెలిసియే యుండును; ఆ ఎరుకవలన అరువు పెరుగునుగాని అదుపు పెరుగదు.

6. ఉపసంహారము

పై విచారణవలన తేలిన అంశములు మూడు. మద్యవిక్రేతకు కొనువానియెడల బాధ్యత కలదను భావము మన వ్యవహారశాస్త్రమున ప్రాచీనము. అయినను ఆ భావము ఆదాయము, వేగు అను రెండు బలమైన ప్రయోజనములనడుమ ఇరుకున పడియే పుట్టినది. మూడవది, త్రాగినవానికి కలిగిన నష్టమును విక్రేత లాభమునుండి పూరింపవలెనను సూత్రము ఆ అధ్యాయమున స్పష్టముగా కలదు. అమెరికాలోని అనేక రాష్ట్రములలో, తెలివిదప్పి మత్తులో ఉన్నవానికి మరల అమ్మిన వర్తకుడు, ఆ త్రాగినవాడు ఇతరులకు చేసిన హానికి పరిహారమీయవలెనను చట్టములు కలవు. వాని లక్ష్యము ఇతరుల రక్షణము; కౌటిల్యుని నియమము నిద్రించినవాని రక్షణము. మూలసూత్రము రెంటియందును ఒక్కటియే.

జరిమానా ప్రభుత్వకోశమునకు పోవును. లైసెన్సు రద్దయినచో మరియొకనికి వచ్చును. ఈ రెంటివలనను దుకాణము ముందు కూలిసొమ్ము పోగొట్టుకొని పడియున్నవాని ఇంటికి చేరునది ఏమియు లేదు. సొమ్ము పోయినవానికి తిరిగి ఇచ్చుట, రాజునకు దండనము చెల్లించుట అను రెండు పనులను ప్రాచీనశాస్త్రకారుడు వేరుచేసి చెప్పెను. చెడిన సురను కూలివానికి వేతనముగా కొలిచి ఇమ్మన్నవాడును అతడే. మొదటి మాటను గ్రహించి రెండవదానిని త్యజించుట మన చట్టములు చేయవలసిన పని.