లాక్‌డౌన్ టైమ్‌షీట్ ఎవరు నింపారు?

టైమ్‌షీట్ అంటే మనకి శుక్రవారం సాయంత్రం పుట్టే నీరసం. సోమవారం ఏం చేశామో గుర్తుండదు, అయినా ఎనిమిది గంటలూ ఎక్కడో ఒకచోట సర్దేస్తాం. ఇలాంటి టైమ్‌షీటే దేశం మొత్తానికీ ఒకటుంది. పేరు టైమ్ యూజ్ సర్వే. 2019లో ఏడాది పొడుగునా 1,38,799 ఇళ్ళు తిరిగి, ఆరేళ్ళు నిండిన ప్రతివాళ్ళ రోజునీ రాసుకున్నారు. తెల్లవారుజాము 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల దాకా, అరగంటకో గడి.

అందులో ఒక పద్దు, మన ఒంటిని మనం చూసుకునే పనులది. నిద్ర, తిండి, స్నానం, పళ్ళు తోముకోవడం, అన్నీ ఇందులోకే వస్తాయి. సగటున రోజుకి 726 నిమిషాలు తేలింది. మళ్ళీ 2024లో కొలిస్తే 708. బానే ఉంది. కానీ ఈ రెండిటి మధ్య ఏముంది? 2020! అందరి దినచర్యా తలకిందులైన సంవత్సరం సరిగ్గా రెండు రీడింగుల మధ్యన జారిపోయింది. సర్వరు పడిపోయిన గంటకే లాగ్ లేనట్టు.

నస్పూర్ సంగతే చూడండి. మంచిర్యాల పక్కన సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా ఊరు, 2018లో మునిసిపాలిటీ అయింది. ఇక్కడ రోజుని నడిపేది గడియారం కాదు, షిఫ్టు. రాత్రి షిఫ్టు దిగి పొద్దున పడుకునే మనిషి నిద్ర, తిండి వేళలే వేరు. ఇంట్లో పొయ్యి వెలిగేదీ ఆ వేళలకే. బొగ్గు గని కార్మికుడి స్నానానికైతే ఏకంగా చట్టమే ఉండేది - 1959 నాటి పిట్‌హెడ్ బాత్ రూల్స్.

2020 ఏప్రిల్ మొదట్లో సింగరేణి భూగర్భ గనులకి లేఆఫ్ ప్రకటించారు. ఓపెన్‌కాస్టులు మాత్రం నడిచాయి. అంటే ఒకే కాలనీలో ఒక క్వార్టర్‌లో షిఫ్టు ఆగిపోయింది, పక్క క్వార్టర్‌లో మాస్కు కట్టుకుని బయల్దేరింది. ఈ రెండిళ్ళలో ఎవరి నిద్ర పెరిగింది, ఎవరిది తగ్గింది? పొద్దస్తమానం అందరూ ఇంట్లోనే ఉంటే వంట ఎన్నిసార్లయింది? ఈ లెక్క టైమ్ యూజ్ సర్వేలో దొరకదు.

అలాగని ఆ రోజుల్లో కొలతలే లేవా అంటే, బోలెడున్నాయి. గూగుల్ 2020 ఏప్రిల్ నుంచి 2022 అక్టోబరు దాకా మొబిలిటీ రిపోర్టులిచ్చింది. జనం ఇంటిపట్టున ఎంతసేపున్నారో అది చెప్పింది, ఇంట్లో ఏం చేశారో చెప్పలేదు. 2020 మేలో ఐసీఎంఆర్ వాళ్ళు కామారెడ్డి, జనగామ, నల్గొండ జిల్లాల్లో రక్త నమూనాలు తీసుకున్నారు. రక్తం యాంటీబాడీల గురించి చెబుతుంది గానీ సబ్బు గురించి చెప్పదు కదా.

అలవాట్ల గురించి నేరుగా అడిగింది యంగ్ లైవ్స్ అనే అధ్యయనం. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళది. 2002 నుంచి మన రెండు రాష్ట్రాల్లో సుమారు 3,000 మంది పిల్లల్ని, వాళ్ళు పెద్దవుతున్న కొద్దీ పలకరిస్తూ వచ్చింది. 2020లో ఇళ్ళకి వెళ్ళే వీల్లేక ఫోన్లు చేశారు. చేతులు ఎక్కువగా కడుక్కుంటున్నారా, దూరం పాటిస్తున్నారా, మాస్కు పెట్టుకుంటున్నారా అని అడిగారు. అప్పటి కరీంనగర్ జిల్లా అందులో ఉంది. గోదావరికి ఇవతలున్న ఆదిలాబాద్ లేదు, కాబట్టి అప్పట్లో ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న నస్పూరూ లేదు.

ఫోన్ చేసి అడగడంలో ఒక చిక్కుంది. కాలర్ ట్యూన్‌లో రోజూ చేతులు కడుక్కోమని వింటున్న మనిషిని, అదే ఫోన్లో "కడుక్కుంటున్నారా?" అంటే ఏం చెప్తాడు? స్టేటస్ మీటింగులో మనం చెప్పినట్టే, "ఆఁ, అయిపోయిందండీ!" అందుకే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్ళు నోటిమాటతో సరిపెట్టుకోరు. చేతులు కడుక్కునే చోటు చూపించమంటారు. నీళ్ళున్నాయా, సబ్బుందా అని కళ్ళతో చూసి రాసుకుంటారు. లాక్‌డౌన్‌లో కుదరనిది సరిగ్గా అదే, గడప దాటి లోపలికెళ్ళడం.

పోనీ, గడప దాటకుండా కొలిచే దారే లేదా? బ్రిటన్లో ఉంది. అక్కడి పరిశోధకులు 2016లోనే ఆన్‌లైన్ డైరీ ఒకటి తయారుచేసి పెట్టుకున్నారు. 2020 మే, జూన్ నెలల్లో మళ్ళీ అదే డైరీ నింపించారు. ముందు రోజులకీ లాక్‌డౌన్ రోజులకీ పోలిక దొరికింది. వాళ్ళ గొప్పతనమల్లా పాత రీడింగు, కొత్త రీడింగు ఒకే మీటరు మీద తీయడమే. మనకీ 2019 రీడింగు ఉంది, మీటరూ ఉంది. దాన్ని 2020లో ఆన్ చెయ్యలేదు, అంతే.

దీనివల్ల పోయిందేవిటీ అంటారా? 2019 లెక్కలోనే, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకి 299 నిమిషాలు పెడితే, చేసే మగవాళ్ళు పెట్టింది 97. లాక్‌డౌన్‌లో ఈ తేడా పెరిగిందో తగ్గిందో చెప్పే అంకె ఈ సర్వేలో లేకపోతే, "అందరం ఇంట్లో హాయిగా రెస్టు తీసుకున్నాం" అన్నవాళ్ళ మాటే చరిత్రయి కూర్చుంటుంది. ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్న మనం రాసుకున్న జ్ఞాపకాలే మిగులుతాయి. మూడు షిఫ్టులకీ మూడుసార్లు అన్నం వండినావిడ జ్ఞాపకం ఎక్కడా ఎక్కదు.

మర్చిపోయే లోపు మీ ఇంట్లో వాళ్ళని అడిగి రాసిపెట్టండి. ఆ రోజుల్లో ఎన్నింటికి లేచేవారు, నల్లా ఎప్పుడొచ్చేది, ముందు ఎవరు తినేవారు అని. ఇన్నేళ్ళ తర్వాత చెప్పేది కచ్చితంగా ఉండదు, నిజమే. కానీ శుక్రవారం నింపే మన టైమ్‌షీట్ మాత్రం కచ్చితమా ఏంటి?