అల్లూరి సీతారామరాజు (1974 చలనచిత్రం)

గొలుగొండ మండలం కృష్ణదేవిపేటలో సమాధి ఉన్న మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు జీవితంపై వచ్చిన తెలుగు చిత్రం. పద్మాలయా సంస్థ నిర్మించిన ఈ సినిమా 1974 మే 1న విడుదలైంది. కథానాయకుడు కృష్ణకు ఇది నూరవ చిత్రం. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం కూడా ఇదే.

1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై ఆయన దళం వరుసగా జరిపిన దాడులు ఈ కథకు ఆయువుపట్టు. మన్యం తిరుగుబాటు రెండేళ్లపాటు సాగింది. 1924 మే 7న సీతారామరాజును బ్రిటిష్ బలగాలు కాల్చి చంపాయి.

ఈ పాత్రను వెండితెరకు ఎక్కించాలని ఎన్.టి.రామారావు 1950లలోనే ఆశపడ్డా, అది కార్యరూపం దాల్చలేదు. 1968 నాటి 'అసాధ్యుడు'లో ఒక ఘట్టంలో కృష్ణ అల్లూరి వేషం కట్టారు. ఆ చిత్ర దర్శకుడు వి.రామచంద్రరావుకే ఈ సినిమా దర్శకత్వ బాధ్యతా దక్కింది. చిత్రీకరణ మధ్యలో ఆయన కన్నుమూయడంతో పోరాట ఘట్టాలను కె.ఎస్.ఆర్.దాస్, మిగతా భాగాన్ని కృష్ణ పూర్తి చేశారు.

కథ, మాటలు త్రిపురనేని మహారథివి. ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్.స్వామి. చింతపల్లి అడవుల్లో తీసిన దృశ్యాల్లో వెడల్పాటి తెర నిండా కొండల వరుసలు పరచుకుంటాయి. కాషాయం కట్టి విల్లు పట్టిన రాజు వాటి నడుమ ఠీవిగా నిలుస్తాడు. బ్రిటిష్ అధికారి రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య నటన చిరస్మరణీయం.

సంగీతం పి.ఆదినారాయణరావు. 'తెలుగువీర లేవరా' పాటతో శ్రీశ్రీ జాతీయ ఉత్తమ గీత రచయిత పురస్కారం అందుకున్నారు. ఘంటసాల చివరి రోజుల్లో పాడిన పాటల్లో ఇదొకటి. చిత్రం విడుదలకు ముందే, 1974 ఫిబ్రవరిలో ఆయన మరణించారు.