ఒప్పందం తరువాతి వ్యయం: విద్యుత్ నియంత్రణలో లావాదేవీ వ్యయాలు – ఆంధ్రప్రదేశ్ అనుభవం

1. ఉపోద్ఘాతం

ప్రజోపయోగ సేవలను ఎందుకు నియంత్రించాలన్న ప్రశ్నను హెరాల్డ్ డెమ్‌సెట్జ్ 1968లో లేవనెత్తారు. సేవ అందించే హక్కును వేలం వేసి, అతి తక్కువ ధర చెప్పినవారికి అప్పగిస్తే నియంత్రణ సంస్థతో పని ఉండదన్నది ఆయన వాదం. 1976లో ఆలివర్ విలియమ్సన్ ఈ వాదాన్ని అమెరికాలోని ఓక్లండ్ నగర కేబుల్ టీవీ ఒప్పందం ఆధారంగా పరిశీలించారు. అక్కడ తక్కువ ధరకు హక్కు పొందిన సంస్థ నిర్మాణంలో వెనుకబడింది. నగర పాలకవర్గం ఒప్పందాన్ని రద్దు చేయక షరతులను సడలించింది. పర్యవేక్షణ, వివాదం, పునఃసంప్రదింపులనే లావాదేవీ వ్యయాలు వేలంతో తొలగిపోవని దీనివల్ల తేలింది.

2. కదలని పెట్టుబడి, మారిన ధర

ఒకసారి నెలకొల్పిన గాలిమరను మరొక కొనుగోలుదారు కోసం తరలించడం సులభం కాదు. అందుకే పవన, సౌర విద్యుత్తుకు 25 ఏళ్ల కొనుగోలు ఒప్పందాలు కుదిరాయి. ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్ ధరను విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించగా, సౌర విద్యుత్తుకు ఎక్కువగా టెండర్లు పిలిచారు. 2017లో దేశంలోని వేలాల్లో సౌర విద్యుత్ యూనిట్ ధర రూ. 2.44కు, పవన విద్యుత్ ధర రూ. 2.43కు దిగివచ్చింది. దాంతో పాత ఒప్పందాలు భారంగా కనిపించాయి.

3. వివాదక్రమం

2019 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ధరల పునఃసమీక్షకు ఉన్నతస్థాయి సంప్రదింపుల కమిటీని నియమించింది. ఉత్పత్తిదారులు హైకోర్టును ఆశ్రయించారు. అదే ఏడాది సెప్టెంబరులో ఏకసభ్య ధర్మాసనం వ్యవహారాన్ని మండలికి వదిలి, అంతవరకు పై ధరలనే తాత్కాలికంగా చెల్లించమంది. 2022 మార్చిలో ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును కొట్టివేసి, ఒప్పంద ధరల ప్రకారమే బకాయిలు చెల్లించాలని పంపిణీ సంస్థలను ఆదేశించింది.

4. ముగింపు

ధరను మండలి నిర్ణయించినా, టెండరు నిర్ణయించినా వివాదం ఒకచోటికే చేరింది. కాబట్టి లోపం ధర నిర్ణయ పద్ధతిలో కన్నా, మారే పరిస్థితులకు ఒప్పందంలో ముందే అంగీకరించిన సవరణ సూత్రం లేకపోవడంలో ఉంది. ధర పడిపోయినప్పుడు పాత ధరే చెల్లిస్తే భారం వినియోగదారుపై పడుతుంది. మాట తప్పితే రాబోయే పెట్టుబడిదారు ఆ నష్టభయాన్ని కూడా ధరలో కలుపుకొంటాడు. దాదాపు మూడేళ్ల వ్యాజ్యం ఈ రెండు భారాలలో దేనినీ తగ్గించలేదు. ఒప్పందం కుదిర్చిన రోజుతో నియంత్రణ పని ముగియదు. 25 ఏళ్లూ దానిని నడిపించడమే అసలు పని.